అతుకులు కనపడని బొంత: పాత టేపుల ఆల్బమ్‌ను విమర్శకులు ఎలా విన్నారు

1978 మొదట్లో పారిస్ శివారులోని పాతే మార్కోనీ స్టూడియోలో బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ ఒక పాట వాయించారు. అంతకు మూడేళ్ల ముందు మ్యూనిక్‌లో అదే పాటను రెగే బాణీలో పదేపదే వాయించి, కుదరక వదిలేశారు. పారిస్‌లో ఒకసారి రెగే పక్కన పెట్టి తిన్నగా రాక్ దరువుతో లాగించారు. అది విన్న గిటారిస్టు కీత్ రిచర్డ్స్‌కు రేడియోలో ఎక్కడో విన్న పాటే అనిపించింది. చెరిపేయమన్నారు. ఇంజనీరు క్రిస్ కిమ్సీ చెరపలేదు. టేపును పెట్టెలో పెట్టి ఊరుకున్నారు. మూడేళ్లకు ఆ టేకే (అప్పుడు ఒకసారి వాయించి పట్టిన రూపమే) 'స్టార్ట్ మీ అప్' పేరుతో అమెరికా సింగిల్స్ చార్టులో రెండో స్థానం దాకా పోయింది. అది మొదటి పాటగా 1981 ఆగస్టు 24న వచ్చిన 'టాటూ యూ' ఆల్బమ్ అక్కడి చార్టులో తొమ్మిది వారాలు మొదటి స్థానం వదల్లేదు.

ఆ ఆల్బమ్‌లో కొత్తగా రాసుకున్న పాటలు దాదాపు లేవు. పదకొండు పాటల్లో ఎక్కువ భాగం వేరే ఆల్బమ్‌ల కోసం వాయించి, చోటు చాలకో, పూర్తికాకో, నచ్చకో పక్కన పెట్టినవి. అయినా అప్పటి విమర్శకుల్లో చాలామంది దాన్ని ఆ బృందం మళ్లీ పుంజుకున్న ఆల్బమ్‌గా లెక్కవేశారు. మార్కులు ఆచితూచి వేసే విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గా కూడా దానికి ఏ మైనస్ గ్రేడు ఇచ్చారు. 33 ఏళ్ల తర్వాత పింక్ ఫ్లాయిడ్ ఇదే పని చేసి 'ది ఎండ్‌లెస్ రివర్' తెచ్చినప్పుడు అమ్మకాలకు లోటు రాలేదు గానీ, విమర్శకులు రెండుగా చీలిపోయారు. రెండూ పేరున్న పాత బృందాలే, రెండింటి సరుకూ అటక మీద నుంచి దింపిందే. మరి తీర్పులో ఇంత తేడా ఎందుకు వచ్చింది?

టేపు ఎంత పాతదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పాత టేపుకు ఏం అతికించారు, ఎక్కడ అతికించారు, వినేవాడికి ముందే ఏం చెప్పారు, ఈ మూడే తీర్పును తేల్చాయి.

మొదట 'టాటూ యూ' సంగతి. 1980లో స్టోన్స్ 'ఎమోషనల్ రెస్క్యూ' వచ్చింది. 1981 శరదృతువులో అమెరికా యాత్ర ఖాయమైంది. యాత్రకు వెళ్లాలంటే చేతిలో కొత్త ఆల్బమ్ ఉండాలి. గాయకుడు మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ మధ్య సఖ్యత లేదు. ఇద్దరూ కూర్చుని పాటలు రాసే పరిస్థితే కాదు. అప్పుడు కిమ్సీ తనకు గుర్తున్న టేపుల నుంచే ఆల్బమ్ తీయవచ్చని చెప్పి, వెనకటి నాలుగైదు ఆల్బమ్‌ల పెట్టెలు మూడు నెలల పాటు తవ్వారు. 1972 చివర్లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో 'గోట్స్ హెడ్ సూప్' కోసం వాయించిన 'టాప్స్', 'వెయిటింగ్ ఆన్ ఎ ఫ్రెండ్' దొరికాయి. 1975 మొదట్లో రాటర్‌డామ్‌లో కొత్త గిటారిస్టు కోసం వెతుకుతూ వాయించిన 'స్లేవ్', 'వరీడ్ అబౌట్ యూ' దొరికాయి. 1978, 79ల నాటి పారిస్ రికార్డింగుల నుంచి మరికొన్ని వచ్చాయి. నిజంగా కొత్తవి అనదగ్గవి 1980 నాటి 'నైబర్స్', 'హెవెన్' మాత్రమే.

అంటే ఆల్బమ్‌లో ఎనిమిదేళ్ల ఎడం ఉంది. గిటారిస్టులు ముగ్గురు మారారు. 'టాప్స్'లో వినిపించేది 1974లోనే బృందాన్ని వదిలేసిన మిక్ టేలర్. 'వరీడ్ అబౌట్ యూ'లో సోలో వేసింది బృందంలో ఎన్నడూ సభ్యుడు కాని వేన్ పెర్కిన్స్. మిగతా చోట్ల రాన్ వుడ్. ఆల్బమ్ మీద టేలర్ పేరు లేదు. ఈ వివరం చిన్నదిగా కనిపిస్తుంది గానీ విమర్శకుల తీర్పులో దీని పాత్ర పెద్దది. పేర్లు, తేదీలు ఉంటే సమీక్షకుడు వాటిని పట్టుకుని పాటలను విడదీసి వింటాడు. లేకపోతే చేతిలో ఉన్నదాన్ని ఒక్క ముక్కగా వింటాడు.

పెట్టెల్లో దొరికినవాటిలో చాలావాటికి దరువు, గిటార్లు ఉన్నాయి, మాటలు లేవు. కొన్నిటికి పల్లవి మాత్రం ఉంది. కొన్నిటిలో గొంతు ఊరికే బాణీ పట్టుకుని ఏవో అక్షరాలు పలుకుతుంది. పాత టేపుల ఆల్బమ్‌లలో ఎక్కువ భాగం చతికిలబడేది ఇక్కడే. పాత గొంతును అలాగే ఉంచితే మాటలు అసంపూర్తిగా ఉంటాయి. కొత్తగా పాడితే గొంతు వయసు, వాయిద్యాల వయసు ఒకదానికొకటి పొసగవు. 1981లో జాగర్‌కు కలిసొచ్చింది ఏమిటంటే ఎడం మరీ ఎక్కువ కాదు. 29 ఏళ్ల వాడి బృందం వాయించిన దాని మీద 37 ఏళ్ల వాడు పాడితే చెవి పట్టుకోలేదు. ఆయన ఆ ఏడాదే మాటలు రాసి దాదాపు అన్ని పాటలకూ గొంతు ఇచ్చారు. 'లిటిల్ టీ అండ్ ఏ' మాత్రం రిచర్డ్స్ పాడారు. ఆల్బమ్ మొత్తానికీ ఒకే కాలపు గొంతు, ఒకే కాలపు మనసు. పదకొండు గుడ్డముక్కల్ని కలిపిన దారం అదే.

ఆ గొంతు పలికిన విషయం కూడా వినాలి. 'వెయిటింగ్ ఆన్ ఎ ఫ్రెండ్' 1972లో మాటల్లేని బాణీ. జాగర్ ఆ వయసులోనే మాటలు రాసి ఉంటే అది ఇంకో ప్రేమ పాటో, ఇంకో అల్లరి పాటో అయ్యేది. 1981లో రాశారు కాబట్టి స్నేహం గురించి, వేచి ఉండటం గురించి అయింది. సమీక్షకులు 'పరిణతి' అన్న మాట వాడింది ఈ పాట దగ్గరే. ఆ పరిణతి మాటల్లోది, వాయిద్యాల్లోది కాదు. నిక్కీ హాప్కిన్స్ పియానో తొమ్మిదేళ్ల ముందే అక్కడ ఉంది.

ఇంకో అతుకు సన్నీ రోలిన్స్ శాక్సఫోన్. జాజ్ లోకంలో ఆయన స్థాయి వేరు. న్యూయార్క్‌లో పాత టేపుల మీద మూడు పాటలకు వాయించారు: 'స్లేవ్', 'నైబర్స్', 'వెయిటింగ్ ఆన్ ఎ ఫ్రెండ్'. ఏ తీరున వాయించాలని ఆయన అడిగితే జాగర్ స్టూడియోలోనే ఆడి చూపించారని తర్వాత చెప్పుకున్నారు. ఒకటి 1975 నాటి జామ్ (ముందే రాసుకోకుండా కలిసి వాయించుకుంటూ పోయినది), ఒకటి 1980 నాటి రాక్ పాట, ఒకటి 1972 నాటి నెమ్మది పాట. ఈ మూడింటిలో ఒకే మనిషి ఊపిరి వినిపించేసరికి అవి ఒకే వారంలో తయారైనట్టు ఉంటాయి. ఇలా ఉన్న టేపు మీద తర్వాత వాయించి చేర్చే ఓవర్‌డబ్ అంటే ఖాళీ పూరించడం అనుకుంటారు. ఇక్కడ అది పూరించిన ఖాళీలు తక్కువ, కలిపిన కాలాలు ఎక్కువ.

మూడో అతుకు మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డైన ట్రాకులను ఒక్క ధ్వనిగా కలపడం. అది బాబ్ క్లియర్‌మౌంటెన్ పని. న్యూయార్క్ పవర్ స్టేషన్ స్టూడియోలో 'స్టార్ట్ మీ అప్' డ్రమ్స్, గొంతు ట్రాకులలో కొంత భాగాన్ని స్నానాల గదిలో పెట్టిన స్పీకరు గుండా వినిపించి, ఆ పలకల గోడల ప్రతిధ్వనిని మైకుతో మళ్లీ పట్టి మూలానికి కలిపారు. పాటలో డ్రమ్మర్ చార్లీ వాట్స్ స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్ము) దెబ్బ వెనక వినిపించే పొట్టి, గట్టి చప్పుడులో ఆ గది ఉంది. నాలుగు దేశాల నాలుగు స్టూడియోలలో నాలుగు రకాల గదుల గాలి టేపులోకి ఎక్కి ఉంటుంది. దాన్ని తీసేయడం 1981లో సాధ్యం కాదు. కానీ చాలావాటిని ఒకే చేయి మిక్స్ చేసి, వాటి మీద ఒకే నగరపు గాలి పులిమితే కింది తేడాలు మరుగున పడతాయి. ఇంట్లో వేరు వేరు కాలాల్లో వేసిన గోడలకు ఒకేసారి సున్నం కొట్టినట్టు.

పాటల వరసలోనూ అంతే నేర్పు ఉంది. మొదటి సైడ్ ఆరు పాటలూ దూకుడు, రెండో సైడ్ ఐదూ నెమ్మది. పాత టేపులతో ఎల్పీ కూర్చేవారికి ఇది గట్టి చిట్కా. ఒకే వేగం ఉన్న పాటలు పక్కపక్కనే ఉంటే చెవి రికార్డింగులోని తేడాలకు అలవాటు పడుతుంది. వేగం, తేడా రెండూ ఒకేసారి మారితే వెంటనే పట్టేస్తుంది. రికార్డు తిరగేసే విరామం మిగతా పని చేసిపెడుతుంది. ఇప్పుడు ఆగకుండా వరసగా వింటే 'నైబర్స్' ముగిసి 'వరీడ్ అబౌట్ యూ' మొదలయ్యే చోట ఒక్కసారిగా వేరే ఇంట్లో అడుగుపెట్టినట్టుంటుంది. 1981 శ్రోత ఆ క్షణంలో సూది ఎత్తుతూ ఉన్నాడు. అప్పటి సమీక్షల్లో మెచ్చుకున్న ఆ రెండు ముఖాల పొందిక, కొంతవరకు, సరుకు లోపం కప్పడానికి వేసిన ఎత్తు.

విమర్శకులు మోసపోయారా అంటే, ఆ మాట సరికాదు. 'వరీడ్ అబౌట్ యూ'ను బృందం 1977 మార్చిలో టొరంటోలోని ఎల్ మొకాంబో క్లబ్బులో వాయించింది కూడా. అనుమతి లేకుండా తిరిగే దొంగ టేపులు సేకరించే వాళ్లకు కొన్ని పాటల వయసు తెలుసు. కానీ ఆల్బమ్ పాత టేపుల కూర్పుగా బజారులోకి రాలేదు. కొత్త ఆల్బమ్‌గా, పెద్ద యాత్రతో, పీటర్ కారిస్టన్ రూపొందించి 1982లో గ్రామీ గెలుచుకున్న కవరుతో వచ్చింది. సమీక్షకుడు ఎదుట ఉన్న వస్తువుకే బదులు చెప్పాడు. పైగా వెనకటి ఆల్బమ్‌లలో డిస్కో వాసన ఎక్కువైందన్న విసుగు అప్పటికే ఉంది. దానికి విరుగుడుగా తిన్నని గిటార్ దరువు వినిపించేసరికి 'మళ్లీ పాత స్టోన్స్' అన్నారు. అది అక్షరాలా నిజమేనన్న సంగతి కొందరికి తర్వాతే తెలిసింది.

ఇలా సగం పాత సరుకుతో పేరు తెచ్చుకున్న ఆల్బమ్ ఇంకొకటి ఉంది. బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ 1975 ఫిబ్రవరిలో తెచ్చిన 'ఫిజికల్ గ్రఫీటీ'. కొత్తగా చేసిన ఎనిమిది పాటలు ఒక ఎల్పీకి ఎక్కువ, రెండు ఎల్పీలకు తక్కువ అయ్యాయి. కోసేసే బదులు మూడు పాత ఆల్బమ్‌ల నుంచి మిగిలిన ఏడు పాటలు కలిపి రెండు రికార్డులు నింపారు. వాటిలో 'హౌసెస్ ఆఫ్ ది హోలీ' అనే పాట అదే పేరుతో 1973లో వచ్చిన ఆల్బమ్‌లోనే లేదు. పేరు అక్కడికి వెళ్లింది, పాట పెట్టెలో ఉండిపోయింది. 'బ్లాక్ కంట్రీ వుమన్' ఆరుబయట రికార్డు చేస్తుండగా పైనుంచి విమానం పోయింది. ఆ మోత పాట మొదట్లో అలాగే ఉంచేశారు. అయినా దాన్ని ఆ బృందపు అతిపెద్ద ఆల్బమ్‌లలో ఒకటిగా లెక్కవేయడానికి విమర్శకులకు అడ్డేమీ రాలేదు. 'కశ్మీర్' లాంటి కొత్త పాటలు ముందు నిలబడి పాతవాటిని వెంట తీసుకుపోయాయి. తమాషా ఏమిటంటే ఆ ఆల్బమ్ కవరు మీది న్యూయార్క్ సెయింట్ మార్క్స్ ప్లేస్ భవనం మెట్ల మీదే 1981లో 'వెయిటింగ్ ఆన్ ఎ ఫ్రెండ్' వీడియో తీశారు. మిగులు పాటల ఆల్బమ్‌లు రెండింటికీ గుమ్మం ఒకటే.

ఇక 'ది ఎండ్‌లెస్ రివర్'. 1993లో పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు, గాయకుడు డేవిడ్ గిల్మర్, డ్రమ్మర్ నిక్ మేసన్, కీబోర్డులు వాయించే రిచర్డ్ రైట్ ముగ్గురూ 'ది డివిజన్ బెల్' కోసం లండన్‌లోని బ్రిటానియా రో స్టూడియోలోను, గిల్మర్‌కు చెందిన ఆస్టోరియా పడవ స్టూడియోలోను గంటల తరబడి వాయించుకున్నారు. అందులోంచి 1994 ఆల్బమ్‌కు కావలసినవి తీసుకున్నాక దాదాపు 20 గంటల జామ్‌లు మిగిలాయి. ఇంజనీరు ఆండీ జాక్సన్ అప్పుడే వాటిలోంచి ఒక గంట కూర్పు చేశారు గానీ అది విడుదల కాలేదు. 2008 సెప్టెంబరులో రైట్ చనిపోయారు. కొన్నేళ్లకు గిల్మర్, మేసన్ మళ్లీ ఆ టేపుల దగ్గరకు వెళ్లారు. ఫిల్ మాంజనేరా ముక్కల్ని నాలుగు భాగాలుగా పేర్చారు. యూత్ అనే నిర్మాత, జాక్సన్, గిల్మర్ వాటికి మెరుగులు దిద్దారు. మేసన్ కొత్తగా డ్రమ్స్, గిల్మర్ కొత్తగా గిటార్లు చేర్చారు. 2014 నవంబరులో ఆల్బమ్ వచ్చింది. బ్రిటన్‌లో నేరుగా మొదటి స్థానం.

ఇక్కడ కబురు ఎలా వచ్చిందో చూడాలి. జులైలో గిల్మర్ భార్య, రచయిత్రి పాలీ శాంసన్ ట్విటర్‌లో ఒక్క వాక్యంలో బయటపెట్టారు. ఆ వాక్యంలోనే ఇది 1994 నాటి రికార్డింగుల మీద ఆధారపడిందని, రైట్ చివరి పాట అని ఉంది. అంటే ఆల్బమ్ పేరు తెలిసిన నిమిషానికే దాని వయసూ తెలిసిపోయింది. తర్వాత గిల్మర్ ఇదే ఆఖరి ఫ్లాయిడ్ ఆల్బమ్ అన్నారు. ఒక్క అక్షరం వినకముందే శ్రోత చేతిలో మూడు చీటీలు పడ్డాయి: మిగులు, నివాళి, వీడ్కోలు. మొదటిది అనుమానం పుట్టిస్తుంది. రెండోది నోరు కట్టేస్తుంది. మూడోది మోయలేనంత ఆశ పెడుతుంది. ఈ మూడూ నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆల్బమ్‌ను ఉత్త ఆల్బమ్‌గా వినడం ఎవరికైనా కష్టమే.

నిజాయితీగా చెప్పారు కాబట్టి దెబ్బతిన్నారని దీనర్థం కాదు. చెప్పకపోయినా అతుకు కనపడేది. కారణం గొంతు. పద్దెనిమిది ట్రాకుల్లో గిల్మర్ మాటలతో పాడింది చివరి 'లౌడర్ దాన్ వర్డ్స్' ఒక్కటే. దానికి మాటలు శాంసన్ రాశారు. మిగతావి వాయిద్యాలు, మొదట్లో సభ్యుల మాటల తునకలు, ఒక చోట శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ యంత్ర స్వరం. 53 నిమిషాల ఆల్బమ్‌లో ఇప్పటి మనిషి ఇప్పటి మాట చెప్పేది చివరి ఆరు నిమిషాల్లోనే. జాగర్ 1981లో చేసింది దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ పాత వాయిద్యాల మీద కొత్త గొంతు కూర్చుని ఇది నేటిది అంది. ఇక్కడ పాత కీబోర్డుల చుట్టూ కొత్త వాయిద్యాలు చేరి, నడుమ ఉన్నది పాతదని పదేపదే చెప్పాయి. నివాళికి అది తగినదే. ఆల్బమ్‌కు అది నడక ఇవ్వలేదు.

జామ్‌తో వచ్చే చిక్కు ఇంకొకటి. జామ్‌కు మొదలు ఉంటుంది, ఎక్కడో ఒక మంచి నిమిషం ఉంటుంది, ముగింపు ఉండదు. పాటలో చరణం తర్వాత పల్లవి వస్తుందన్న ఎదురుచూపు వినేవాణ్ని కూర్చోబెడుతుంది. జామ్‌లో ఆ ఎదురుచూపు లేదు. కూర్చేవాడు మంచి నిమిషాన్ని కోసి పక్క నిమిషానికి జోడిస్తాడు. ఫలితంగా రెండు నిమిషాలైనా లేని ముక్కలు వరసగా వస్తాయి. 'అలాన్-జీ' రెండు ముక్కలుగా తెగి, నడుమ 'ఆటమ్ 68' వస్తుంది. అందులో వినిపించేది 1960ల చివర్లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రైట్ వాయించిన పెద్ద ఆర్గన్. మూడూ కలిపి ఐదు నిమిషాలు. ఆ ఆర్గన్ ధ్వని అద్భుతం. కానీ చెవి అందులో కుదురుకునేలోపే అయిపోతుంది.

మెచ్చినవాళ్లు చెప్పింది రైట్ గురించి. ఆ బృందపు ధ్వనిలో ఆయన వాటా ఎంతో ఈ ఆల్బమ్‌లో తెలిసినంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదన్నారు. అది సరైన మాట. గొంతు తీసేస్తే కింద ఉన్నది బయటపడింది. నచ్చనివాళ్లు ఇది వెనక మోగడానికి పనికొచ్చే సంగీతం అన్నారు, పాత ఆల్బమ్‌ల పోలికలు ఏరి చూపారు. 'ఇట్స్ వాట్ వీ డూ'లో 1975 ఆల్బమ్ నీడ, 'అలాన్-జీ'లో 1979 ఆల్బమ్ గిటార్ నీడ ఎవరికైనా తగులుతాయి. అయితే ఈ రెండో విమర్శలో ఒక మెలిక ఉంది. జామ్‌లో కూర్చున్న వాయిద్యకారుడు చేతికి అలవాటైన దారిలోనే పోతాడు. పోలిక తీసేసే పని తర్వాతి దశలో, పాట రాసేటప్పుడు, మాటలు పడేటప్పుడు జరుగుతుంది. ఆ దశకు వెళ్లని టేపును విడుదల చేస్తే పోలికలు అలాగే మిగులుతాయి. కాబట్టి విమర్శకులు చూపింది ఊహ కరువు అనుకోనక్కర్లేదు, పని పూర్తికాని ఆనవాలు.

లెడ్ జెపెలిన్‌దే అయిన 'కోడా' సంగతి టూకీగా. డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980 సెప్టెంబరులో చనిపోయాక బృందం ముగిసింది. 1982 నవంబరులో ఎనిమిది ట్రాకులతో, 33 నిమిషాలతో ఇది వచ్చింది. స్పందన చల్లగానే ఉంది. పన్నెండేళ్ల పని నుంచి ఇంతేనా మిగిలింది అన్న నిరాశ సమీక్షల్లో దాగలేదు. 1970 నాటి 'పూర్ టామ్' ఉన్న ఆల్బమ్‌లోనే 1978 నాటి 'డార్లీన్' వస్తే కలిపే గొంతు లేదు, కలిపే వరస లేదు. మొదటి పాట 'వియర్ గొనా గ్రూవ్' స్టూడియోలోదని కవరు మీద రాశారు. నిజానికి అది 1970 జనవరి ఆల్బర్ట్ హాల్ కచేరీలోది. జనం కేకలు తీసి, గిటార్ మళ్లీ వేసి అతికించారు. ఆ సంగతి బయటపడ్డాక ఆ పాటను పాటగా విన్నవాళ్లకన్నా అతుకు కోసం విన్నవాళ్లే ఎక్కువ. ఇదే ఆల్బమ్‌ను 2015లో మిగతా మిగులు సరుకంతా చేర్చి మూడు డిస్కులుగా తెచ్చినప్పుడు ఆదరణ మెరుగైంది. అందులో 1972లో బొంబాయి వాద్యబృందంతో చేసిన 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్' రూపాలు ఉన్నాయి. మిగులును మిగులుగా, తేదీలతో సహా, అంతా ముందు పెట్టేసరికి సమీక్షకుల కొలమానమే మారిపోయింది. ఆల్బమ్‌గా ఎంత బాగుందని అడగడం మానేసి, కొత్తగా ఏం తెలిసిందని అడిగారు.

పాతదన్న చీటీ ఎప్పుడూ నష్టమే కాదనడానికి 1975 నాటి 'ది బేస్‌మెంట్ టేప్స్' సాక్ష్యం. అమెరికా గాయకుడు బాబ్ డిలాన్, ఆయనతో వాయించే ది బ్యాండ్ బృందం 1967లో ఒక ఇంటి నేలమాళిగలో ఊరికే వాయించుకున్న టేపులు అవి. 1969 నుంచే దొంగ రికార్డులుగా తిరుగుతూ ఉండటంతో వాటి చుట్టూ ఒక గాథ అల్లుకుంది. అధికారికంగా వచ్చిన ఏడాది విలేజ్ వాయిస్ పత్రిక జరిపిన విమర్శకుల పోల్‌లో మొదటి స్థానం దానిదే. మెరుగు కోసం ది బ్యాండ్ గిటారిస్టు రాబీ రాబర్ట్‌సన్ కొన్నిటికి కొత్త వాయిద్యాలు చేర్చిన సంగతి తర్వాత కాలంలో అదే ఆల్బమ్ మీద ఫిర్యాదుగా మారింది. శుద్ధమైన రూపం కావాలన్న ఒత్తిడికి 2014లో 138 ట్రాకులతో పూర్తి సంకలనం వచ్చింది. అతుకు వేస్తే ఒక తరం మెచ్చింది, ఇంకో తరం తప్పు పట్టింది.

టేపు దశలోనే తలెత్తే చిక్కులు కొన్ని ఉన్నాయి. సమీక్షకుడు 'పేలవంగా ఉంది' అని రాసేది చాలాసార్లు వీటి గురించే. రెండంగుళాల టేపు 2,500 అడుగుల రీలు, సెకనుకు 30 అంగుళాల వేగంతో నడిస్తే పదహారున్నర నిమిషాలకే అయిపోతుంది. మంచి జామ్ సరిగ్గా ఊపందుకునేటప్పటికి రీలు తెగుతుంది. అలాంటి పాటలు ముగియవు, నెమ్మదిగా ధ్వని తగ్గి మాయమవుతాయి. ఒక ఆల్బమ్‌లో వరసగా మూడు నాలుగు పాటలు అలా మాయమైతే ముగింపులు లేని సరుకని అనుమానించవచ్చు. రెండోది శ్రుతి. ఆ రోజు పియానోకో, ఒకరికొకరో శ్రుతి చేసుకుని వాయించినది ఇవాళ్టి కీబోర్డుకు సరిపోదు. టేపు వేగం ఒక శాతం మారిస్తే శ్రుతి అరస్వరంలో ఆరో వంతు జరుగుతుంది. ఆరు శాతం దగ్గర పూర్తి అరస్వరం. అంత మారిస్తే గొంతు సన్నబడటమో బొంగురుపోవడమో తెలిసిపోతుంది. అందుకే పాత గొంతు ఉన్న టేపును కదపరు, కొత్త వాయిద్యాన్నే దానికి శ్రుతి చేస్తారు. మూడోది లయ. చెవిలో వేగం చెప్పే క్లిక్ చప్పుడు లేకుండా వాయించిన పాట పోనుపోను వేగం పెరుగుతుంది. రెండు టేకుల్ని కోసి కలిపినప్పుడు అతుకు దగ్గర డ్రమ్స్ తాళాల ఝంకారం మధ్యలో తెగుతుంది. హెడ్‌ఫోన్స్‌లో తాళాల వైపు చెవి పెడితే ఇది ఇట్టే దొరుకుతుంది.

1970ల మధ్య నుంచి వాడిన కొన్ని టేపుల్లో జిగురు పొర గాలిలోని తేమ పీల్చుకుని జారుడుగా తయారవుతుంది. నడిపితే మిషన్ తల మీద బంక అంటుకుని కీచుమంటుంది, పొర ఊడి రికార్డింగే పోతుంది. వాటిని 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి, తర్వాత కొద్ది వారాల్లోనే డిజిటల్‌లోకి ఎక్కించాలి. అంతకన్నా పాత ఎసిటేట్ టేపులను ఇలా వేడి చేస్తే పాడైపోతాయి. 1981లో కిమ్సీకి ఈ బాధ లేదు. ఆయన టేపుల వయసు ఏడాది నుంచి తొమ్మిదేళ్లే. ఇరవై ముప్పై ఏళ్లు ఆగి పెట్టె తెరిచేవాళ్లకు మొదటి పని ఇదే.

ఇటీవల ఒక హద్దు చెరిగింది. క్యాసెట్ మీద గొంతు, పియానో కలిసిపోయి ఉంటే వాటిని విడదీయడం 1990లలో సాధ్యం కాలేదు. జాన్ లెనన్ ఇంట్లో పాడుకున్న 'నౌ అండ్ దెన్'ను బీటిల్స్ మిగతా సభ్యులు అప్పుడు మొదలుపెట్టి వదిలేయడానికి టేపులోని కరెంటు మోత కూడా ఒక కారణం. సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం యంత్రాభ్యాసంతో (మెషిన్ లెర్నింగ్) గొంతును వేరు చేశాక 2023 నవంబరులో అది విడుదలైంది. ఇకముందు గొంతు దొరకలేదన్న సాకు తగ్గుతుంది. దాంతో పాటు, ఏది పక్కన పెట్టాలో తేల్చే బలవంతమూ తగ్గుతుంది. రెండోది అంత శుభవార్త కాదు.

'టాటూ యూ'కు 40 ఏళ్లు నిండిన 2021 ఆగస్టు 24నే చార్లీ వాట్స్ చనిపోయారు. అక్టోబరులో వచ్చిన వార్షికోత్సవ ముద్రణలో 'లాస్ట్ అండ్ ఫౌండ్' పేరుతో తొమ్మిది పాటల డిస్కు చేర్చారు. అంటే మిగులు పాటల ఆల్బమ్‌లో మిగిలిపోయిన పాటలు. 1970ల నాటి 'లివింగ్ ఇన్ ది హార్ట్ ఆఫ్ లవ్' మీద జాగర్ మళ్లీ కొత్తగా పాడారు. ఈసారి ఎడం తొమ్మిదేళ్లు కాదు, నలభై దాటింది. వాయిద్యాల్లో ముప్పై ఏళ్ల కుర్రాళ్ల తొందర, గొంతులో 78 ఏళ్ల మనిషి పట్టుదల. పక్కపక్కనే నడుస్తాయి గానీ కలవవు. చార్లీ స్నేర్ ఒక్కటే ఏ కాలానిదో చెప్పలేనట్టు ఉంటుంది.

ఆ డిస్కులో చివరి ట్రాకు 'స్టార్ట్ మీ అప్' తొలి రూపం, రెగే బాణీలోది. అదే పాట, అదే బృందం. పాట అడుగు వేయబోయిన ప్రతిసారీ గిటార్ పక్కకు తప్పుకుంటూ ఉంటుంది, దరువు వెనక్కి లాగుతూ ఉంటుంది. మ్యూనిక్‌లో ఎందుకు విసిగిపోయారో, పారిస్‌లో కిమ్సీ ఆ ఒక్క టేకును ఎందుకు దాచారో వివరించే సమీక్షలు బోలెడు వచ్చాయి. ఈ ట్రాకు మొదటి నిమిషం వింటే అవేవీ అక్కర్లేదు.